‘మాత్ర మానకండి’ అంటే చాలదు

మా అమ్మ ఏడు నెలలు దగ్గింది.

పగలు పెద్దగా తెలిసేది కాదు. రాత్రి పక్క మీద వాలితే మొదలయ్యేది. కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఈక పెట్టి గోకినట్టు పొడి దగ్గు. మిరియాల కషాయం తాగింది, తులసాకు నమిలింది, రెండు రకాల సిరప్పులు ఖాళీ చేసింది. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేయించారు. టీబీ కాదన్నారు, ఎలర్జీ కావచ్చన్నారు, ఇంకో మూడు రకాల మాత్రలు రాశారు. అప్పటికే ఏ మందులు వాడుతోందని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. రోజూ పొద్దున్న వేసుకునే బీపీ మాత్రకీ రాత్రి దగ్గుకీ సంబంధం ఉండొచ్చన్న ఆలోచన, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే నాకే రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

సంబంధం కనిపెట్టింది అమ్మే. సంక్రాంతికి మా చెల్లి ఇంటికి వెళ్లి మూడు వారాలు ఉండిపోయింది. మాత్రల కవరు ఇక్కడే మర్చిపోయింది. తిరిగొచ్చేసరికి దగ్గు లేదు.

“ఆ మాత్ర మానీసేనే. దగ్గు పోనాది. మరి దాని జోలికెల్లను.”

ఈ మాట నాకు చెప్పింది ఎప్పుడో తెలుసా? నాలుగు నెలల తర్వాత, కళ్లు తిరిగి పెరట్లో కూలబడిన రోజున. ఆ రోజు బీపీ 190/110.

మావయ్యది ఇంకో కథ. ఆయన వంశధార ఎడమ కాలువ మీద లస్కరుగా, అంటే నీళ్లు వదిలే షట్టర్లు చూసుకునేవాడిగా, పనిచేసి రిటైరయ్యాడు. మాటంటే మాటే. “ఒక్క పూట కూడా మానకూడదు” అని డాక్టరు అన్నారు కాబట్టి పదేళ్లలో ఒక్క పూట మానలేదు. ఆయన మాత్రలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి టెల్మిసార్టాన్, రెండోది ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలోకి పంపే హైడ్రోక్లోరోథయజైడ్. గతేడాది మే నెలలో ఒక పెళ్లి భోజనం తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండ్రోజులు మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో డైక్లోఫినాక్ అడిగి తెచ్చుకున్నాడు. బీపీ మాత్ర మాత్రం టంచనుగా వేసుకున్నాడు. మూడో రోజుకి మూత్రం దాదాపు ఆగిపోయింది. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. 1.0 ఉండేది 4.2కి ఎక్కింది. సెలైన్లు పెట్టి, ఆ మాత్రలన్నీ ఆపించి, వారం రోజుల్లో దారిలోకి తెచ్చారు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం పక్కన పుట్టి పెరిగినవాళ్లం. క్రియాటినిన్ అన్న మాట చెవిన పడితే మా ఇళ్లలో పొయ్యి వెలగదు. ఆ వారం నాకు బాగా గుర్తు.

అమ్మ డాక్టరు మాట వినలేదు, ప్రమాదంలో పడింది. మావయ్య అక్షరం పొల్లుపోకుండా విన్నాడు, ఆయనా పడ్డాడు. అందుకే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. బీపీ మాత్ర చేతిలో పెట్టేటప్పుడు ‘మానకండి’ అన్న ఒక్క ముక్క చెప్పి పంపడం వైద్యం చెప్పినట్టు కాదు. ఆ మాత్ర ఒంట్లో ఏ హార్మోనుకి అడ్డుపడుతోందో, ఆ హార్మోను రక్తనాళాన్ని ఏం చేస్తుందో చెప్పాలి. చదువు లేనివాళ్లకి అర్థం కాదన్న మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చివర్లో చెప్తాను. ముందు అసలు సంగతి.

రక్తనాళాన్ని మనం గొట్టం అనుకుంటాం. గుండె మోటారు, నాళాలు పైపులు. ఈ బొమ్మతోనే బీపీని ఊహించుకుంటాం కాబట్టి ‘రక్తం ఎక్కువైంది’, ‘రక్తం చిక్కబడింది’ అంటుంటారు. కానీ చిన్న ధమనుల గోడల్లో కండరం ఉంటుంది. అది బిగుస్తుంది, వదులవుతుంది. నాళం లోపలి వ్యాసార్థం సగానికి తగ్గితే, అదే ఒత్తిడి దగ్గర ప్రవాహం సగానికి కాదు, 16వ వంతుకి పడిపోతుంది. అంటే వెంట్రుకవాసి తేడా చాలు. కాలువల ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. గొట్టా బ్యారేజీ దగ్గర ఎంత నీరుందన్నది ఒక లెక్క, మన ఊరి తూము ఎంత ఎత్తారన్నది ఇంకో లెక్క. శివారు పొలం తడిసేదీ లేనిదీ రెండో దాన్ని బట్టే తేలుతుంది.

ఒంట్లో ఆ తూములు ఎత్తమని, దించమని కబురు పంపేవాటిలో నరాలున్నాయి, అడ్రినలిన్ లాంటివి ఉన్నాయి. వాటితో పాటు పెప్టైడ్ హార్మోన్లు అని పెద్ద కుటుంబం ఒకటి ఉంది. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు గుచ్చిన చిన్న దండ. ఎనిమిది పూసలది ఒకటి, తొమ్మిది పూసలది ఒకటి, 21 పూసలది ఇంకొకటి. పూస మారితే పని మారుతుంది.

అందులో మన బీపీ మాత్రలకు దగ్గరి సంబంధం ఉన్నది యాంజియోటెన్సిన్. దాని కథ మూత్రపిండంలో మొదలవుతుంది. 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండం సారాన్ని తీసి ఇంకో కుందేలుకి ఎక్కిస్తే దాని రక్తపోటు పెరిగింది. ఆ సారంలో ఉన్నదానికి రెనిన్ అని పేరు పెట్టారు. చాలాకాలం నేను పిల్లలకి మూత్రపిండం అంటే జల్లెడ అనే చెప్పాను. ఇప్పుడలా చెప్పను. రెండూ కలిపి తూస్తే 300 గ్రాములు ఉండే ఆ అవయవాల గుండా నిమిషానికి లీటరుకి పైగా రక్తం పోతుంది, అంటే గుండె పంపేదాంట్లో ఇంచుమించు అయిదో వంతు. అంత రక్తం ఊరికే రాదు. ఒత్తిడి ఎంతుందో, ఉప్పు ఎంతుందో అది అనుక్షణం కనిపెడుతూ ఉంటుంది. తగ్గిందనిపిస్తే రెనిన్ వదులుతుంది.

రెనిన్ తనంతట తాను నాళాన్ని బిగించదు. అది కత్తెర. కాలేయం తయారుచేసి రక్తంలో వదిలిన పెద్ద ప్రొటీన్ నుంచి పది పూసల ముక్కను కత్తిరిస్తుంది. ఆ ముక్క ఊపిరితిత్తుల నాళాల గుండా వెళ్లేటప్పుడు ఏసీఈ అనే ఇంకో కత్తెర రెండు పూసలు తీసేస్తుంది. మిగిలిన ఎనిమిది పూసలదే యాంజియోటెన్సిన్-2. చిన్న ధమనుల్ని బిగిస్తుంది. ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోను ద్వారా ఉప్పుని పట్టి ఉంచుతుంది. దాహం పుట్టిస్తుంది. ఇదేదో దుర్మార్గపు హార్మోను అనుకోవద్దు. కొడవలి దెబ్బ తగిలి రక్తం పోయినవాణ్ణి, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన పిల్లాణ్ణి ఆసుపత్రి చేరేదాకా నిలబెట్టేవాటిలో ఇదొకటి. ఉప్పు అరుదుగా, నీళ్లు అరుదుగా దొరికిన కాలంలో మనిషిని కాచిన ఏర్పాటు. ఆపద లేనప్పుడు కూడా కొందరిలో ఇది పని ఆపదు. అప్పుడు నాళాల గోడలు మందమవుతాయి, గుండె కండరం బిరుసెక్కుతుంది.

“బీపీ మాత్ర మొదలెట్టకు, అలవాటైపోతుంది” అనే మాట మా ఊళ్లో ప్రతి రచ్చబండ మీదా వింటాం. దీనికి జవాబు ఆ హార్మోను ఆయుష్షులోనే ఉంది. ఒక యాంజియోటెన్సిన్-2 దండ రక్తంలో నిమిషం కూడా నిలవదు, తెగిపోతుంది. ఒళ్లు దాన్ని రాత్రీ పగలూ కొత్తగా తయారుచేస్తూనే ఉంటుంది. మాత్ర దానికి ఒక రోజు అడ్డుపడగలదు. మర్నాడు హార్మోను మళ్లీ ఉంటుంది కాబట్టి మాత్రా మళ్లీ కావాలి. రోజూ గంజి తాగేవాణ్ణి గంజికి అలవాటు పడ్డాడని అంటామా?

ఇక అమ్మ దగ్గు. ఇది చెప్పాలంటే బ్రెజిల్ అడవికి వెళ్లాలి. అక్కడ జరరాకా అనే పాముంది. మన రక్తపింజర కుటుంబానిదే. దాని విషం ఎక్కితే రక్తపోటు పడిపోతుంది. బ్రాడికైనిన్ అని మన ఒంట్లోనే తయారయ్యే తొమ్మిది పూసల పెప్టైడ్ ఒకటుంది, నాళాలను వదులు చేసేది. ఆ పాము విషంలోని కొన్ని పెప్టైడ్లు బ్రాడికైనిన్ పనిని ఎన్నోరెట్లు పెంచుతున్నాయని 1965లో సెర్జియో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త చూపించాడు. ఎలా పెంచుతున్నాయి? బ్రాడికైనిన్‌ను ముక్కలు చేసే ఎంజైముని కట్టేసి. ఆ ఎంజైము ఇంకేదో కాదు, యాంజియోటెన్సిన్ తయారుచేసే ఏసీఈ కత్తెరే. నాళాన్ని బిగించేదాన్ని తయారుచేసేదీ, వదులు చేసేదాన్ని తెంపేసేదీ ఒకే కత్తెర. ఆ విషం చూపిన దారి పట్టుకుని కాప్టోప్రిల్ అనే మాత్ర తయారైంది. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్లు. అమ్మ వేసుకున్నది రామిప్రిల్.

కత్తెరను కట్టేస్తే రెండూ జరుగుతాయి. యాంజియోటెన్సిన్ తగ్గుతుంది, బ్రాడికైనిన్ పేరుకుంటుంది. ఆ పేరుకున్నది ఊపిరి దారిలోని నరాలను గిలిపెడుతుంది. అదే దగ్గు. ఈ మాత్రలు వేసుకున్నవాళ్లలో నూటికి 5 నుంచి 20 మంది దాకా దీన్ని చూస్తారు. సిరప్పుకి లొంగదు, కషాయానికి లొంగదు. మాత్ర ఆపితే కొన్ని వారాల్లో తగ్గుతుంది. అరుదుగా కొందరికి పెదాలు, నాలుక వాచిపోతాయి. అది మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సంగతి, ఆ మాత్ర మళ్లీ జన్మలో ముట్టకూడదు.

దగ్గొస్తే బీపీ మందే మానేయాల్సిన పని లేదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి కత్తెర జోలికి పోవు. యాంజియోటెన్సిన్ వచ్చి కూర్చునే పీటను అడ్డుకుంటాయి, అంతే. బ్రాడికైనిన్ దాని మానాన అది తెగిపోతుంది. అమ్మకి మందు మార్చాక దగ్గు రాలేదు. “దగ్గొస్తే వచ్చి చెప్పండి, వేరే మాత్ర ఉంది” అన్న ఒక్క వాక్యం మొదటి రోజు ఎవరైనా అని ఉంటే అమ్మ పెరట్లో పడేది కాదు.

ఇప్పుడు మావయ్య సంగతి. దీనికి కాస్త ఓపిక కావాలి.

మూత్రపిండంలో వడపోత జరిగేది వెంట్రుకకన్నా సన్నని నాళాల ఉండల్లో. ఒక్కో ఉండకి లోపలికొచ్చే తూము ఒకటి, బయటికి పోయే తూము ఒకటి. ఉండ లోపల ఒత్తిడి నిలిస్తేనే నీరు గోడల్లోంచి వడపోత అవుతుంది. పై నుంచి వచ్చే రక్తం తగ్గినప్పుడు ఆ ఒత్తిడిని రెండు ఏర్పాట్లు కాపాడతాయి. యాంజియోటెన్సిన్ బయటి తూముని ఎక్కువగా బిగించి లోపల మట్టం నిలుపుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనేవి లోపలి తూముని తెరిచి ఉంచుతాయి. ఇవి పెప్టైడ్లు కావు, కొవ్వు నుంచి పుట్టేవి.

మామూలు రోజుల్లో టెల్మిసార్టాన్ బయటి తూముని కొంచెం వదులు చేస్తే ఆ ఉండల మీద భారం తగ్గుతుంది. అందుకే షుగరు వల్ల మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకి ఇదే మందు మూత్రపిండాలకి రక్ష. కానీ మావయ్యకి ఆ మూడు రోజుల్లో ఏమైంది? విరేచనాలతో నీరు పోయింది. నీటిమాత్ర ఇంకాస్త తోడేసింది. పై నుంచి ప్రవాహం తగ్గింది. బయటి తూముని బిగించమని యాంజియోటెన్సిన్ మొత్తుకున్నా టెల్మిసార్టాన్ వినపడనివ్వలేదు. డైక్లోఫినాక్ ప్రోస్టాగ్లాండిన్లను ఆపేసి లోపలి తూముని దించేసింది. రావాల్సింది రాలేదు, నిలవాల్సింది నిలవలేదు. ఈ మూడు రకాల మందులు కలిస్తే ప్రమాదమని వైద్య పుస్తకాల్లో ఉన్నదే. మావయ్యకి చేరలేదు, అంతే తేడా.

వేసవిలో పలాస జీడిబట్టీల దగ్గర, కోతల రోజుల్లో పొలాల్లో పనిచేసేవాళ్ల ఒంట్లో ఇంకో హార్మోను గట్టిగా పనిచేస్తూ ఉంటుంది. వాసోప్రెసిన్, తొమ్మిది పూసలది. చెమట పోయి రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడిందంటే చాలు, మెదడు కింద ఉండే పిట్యూటరీ దాన్ని వదులుతుంది. మూత్రంలో పోయే నీటిని వెనక్కి లాగుతుంది, మోతాదు పెరిగితే నాళాలనూ బిగిస్తుంది. మధ్యాహ్నం దాకా మూత్రం రాకపోయినా, వచ్చింది పసుపు పచ్చగా ఉన్నా అది వాసోప్రెసిన్ రాసిన చీటీ. మన పెద్దవాళ్లు పొద్దున్నే తరవాణి, చోడి అంబలి తాగి పొలం వెళ్లేవారు. నీరూ ఉప్పూ కలిసి కడుపులో పడేవి. ఎండలో ఒళ్లొంచే మనిషికీ, ఫ్యాను కింద కూర్చుని ఎండు నెత్తళ్లు నంజుకునే బీపీ మనిషికీ ఉప్పు సలహా ఒకటే ఎలా అవుతుంది?

ఉద్దానం పేరెత్తాను కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఇన్నేళ్లుగా మనుషుల్ని తినేస్తున్న జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నొప్పి మాత్రల వల్లో, నీళ్ల తక్కువ వల్లో అని నేను తీర్పు చెప్పడం లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. నేను అడిగేది చిన్న విషయం. ఇప్పటికే సగం మూత్రపిండం పోయినవాళ్లు వేలల్లో ఉన్న చోట, మిగిలిన సగాన్ని ఒక విరేచనాల పూట పోగొట్టుకోకుండా చూడాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

బిగించే హార్మోన్ల గురించే చెప్పాను కదా అని ఒళ్లంతా బిగుతే అనుకోకండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గుండె హార్మోను. గుండె కొట్టుకోవడమే కాదు, అది గ్రంథి కూడా అని 1981లో కెనడాలో డి బోల్డ్, ఆయన సహచరులు నిరూపించారు. ఎలుక గుండె పై గదుల సారాన్ని ఎక్కిస్తే ఇంకో ఎలుక ఉప్పుని, నీటిని ధారగా మూత్రంలో వదిలేసింది. రక్తం ఎక్కువై గోడలు సాగినప్పుడు గుండె ఏఎన్‌పీ, బీఎన్‌పీ అనే పెప్టైడ్లను వదిలి నాళాలను వదులు చేయిస్తుంది, ఉప్పుని పంపించేస్తుంది, రెనిన్‌ని తగ్గిస్తుంది. ఆయాసంతో వెళ్తే ఆసుపత్రిలో రాసే బీఎన్‌పీ పరీక్ష అదే. గుండె ‘నా మీద బరువు పెరిగింది’ అని ఎంత గట్టిగా అరుస్తోందో కొలవడం.

నాళాల లోపలి పొర కూడా ఊరుకోదు. 21 పూసల ఎండోథెలిన్‌ని వదులుతుంది. 1988లో జపాన్‌లో యానగిసావా బృందం కనిపెట్టింది. నాళాలను బిగించేవాటిలో అంత బలమైనది, అంతసేపు పట్టు విడవనిది ఇంకొకటి దొరకడం కష్టం. తరవాణిలో పచ్చిమిరపకాయ కొరికితే ముఖం ఎర్రబడి, వేడెక్కుతుంది చూడండి, అప్పుడు నరాల చివర్ల నుంచి సీజీఆర్‌పీ అనే 37 పూసల పెప్టైడ్ విడుదలై చర్మపు నాళాలను తెరుస్తుంది. మా తరగతిలో ఈ పాఠం చెప్పిన రోజున పిల్లలు ఇంటికెళ్లి మిరపకాయలు కొరికి అద్దంలో చూసుకున్నారట. ఇంతకన్నా మంచి ప్రయోగం నేను చేయించలేదు.

ఇదంతా ఒక డాక్టరు స్నేహితురాలితో వాదించాను. ఆమె మాటల్లో న్యాయం ఉంది. “ఓపీలో వందమంది నిలబడి ఉంటారు. ఒక్కొక్కరికీ హార్మోను కథ చెప్తూ కూర్చోనా? పైగా మానొచ్చని ఒక్కసారి అంటే, ఇక కడుపు గడబిడైన ప్రతిసారీ మానేస్తారు. మానేసి పక్షవాతంతో వచ్చేవాళ్లనే నేను ఎక్కువ చూస్తున్నాను” అంది. నిజమే. మానేయడమే పెద్ద ప్రమాదం, ఆమె చూసే పక్షవాతం కేసుల ముందు మా మావయ్య కేసు అరుదు. అయినా నేను ఒప్పుకోలేదు. మానేసేవాళ్లు ఎందుకు మానేస్తున్నారు? ఒంట్లో ఏ బాధా లేనప్పుడు ఎందుకు మింగాలో తెలియక. దగ్గొస్తే ఏం చేయాలో తెలియక. అలవాటవుతుందన్న భయంతో. తెలిస్తే మానేస్తారన్నది ఊహ. తెలియక మానేసినది మా అమ్మ. డాక్టరుకి తీరిక లేకపోతే ఆశా కార్యకర్త ఉంది, ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఉంది, మందుల షాపులో ఫార్మసిస్టు ఉన్నాడు, బడిలో నాలాంటిదాన్ని నేనున్నాను. నాలుగు మాటలు చాలు: ఈ మాత్ర ఏ హార్మోనుని ఆపుతుంది, ఎందుకు రోజూ కావాలి, దగ్గో వాపో వస్తే ఏం చేయాలి, వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజున సొంతంగా ఏదీ తేల్చుకోకుండా ఎవరికి ఫోన్ చేయాలి. నొప్పి మాత్ర అడిగినవాణ్ణి ‘బీపీ మాత్ర వేసుకుంటున్నావా?’ అని షాపులో అడగడానికి ఎంతసేపు పడుతుంది?

అర్థం కాదంటారే, ఆ మాట దగ్గరికి వస్తాను. మావయ్య ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని ఆయనకి ఇదంతా చెప్పాను. చదివింది అయిదో తరగతి. మట్టిలో వేలితో ఒక గుంట గీసి పై తూము, కింద తూము చూపించాను. నేను సగం చెప్పేసరికి ఆయనే అందుకున్నాడు. “అయితే పై నుంచి నీల్లు తగ్గినప్పుడు కింద షట్టరు దించీయాల. మనం ఆ షట్టరు ఎత్తీసి కట్టీసేం. పైగా నొప్పి మాత్రేసుకుని పై తూము కూడా మూసీసేం. మరి చెరువులో ఏటుంతాది?” ముప్పై ఏళ్లు నీళ్ల మట్టం చూసి షట్టర్లు తిప్పిన మనిషి. గుంట ఎండిపోవడం అంటే ఏమిటో నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

మొన్న శ్రావణంలో ఫోన్ చేశాడు.

“నిన్నట్నుంచి నాలుగుసార్లు ఎల్లేను తల్లీ. డాక్టరు బాబుకి ఫోన్ సేసేను. ఆ మాత్ర ఆపి ఓఆర్ఎస్ తాగమన్నాడు. తాగతన్నాను.”

“నొప్పి మాత్ర?”

“ముట్టుకోనేదు. ఒళ్లు నొప్పులున్నాయి గానీ ఓర్సుకుంతన్నాను.”

“మాత్ర మళ్లీ ఎప్పటి నుంచి వేసుకోమన్నారు?”

“అన్నం తిని, నీల్లు నిలిసి, ఒంటికి మామూలుగా ఎల్తే, ఎల్లుండి. కేలండర్ మీద బుధారం కాడ సున్నా సుట్టి పెట్టేను. మీ అమ్మకి కూడా సెప్పు, ఆవిడకీ ఇదే మాత్ర కదా.”